కాలువ నీళ్ల లెక్క

మోకాలి ఆపరేషన్ అయిన నూట పన్నెండో రోజు, మంగళవారం, బాన్సువాడలో రుద్రూర్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒక అమ్మాయి తడి జుట్టుతో కూర్చుని నోటుబుక్కులో నిమిషాలు కూడుతోంది. ఆ లెక్క మూడో వరుసలో ఏడు నిమిషాలు తప్పింది. చూసి ఊరుకోలేక చెప్పాను.

"మీరు టీచరా అవ్వా?" అని నవ్వి దిద్దుకుంది.

ఐదు వారాల్లో తనకు మొదటి పోటీ ఉందట. ఒకే రోజు దాదాపు నాలుగు కిలోమీటర్లు ఈది, నూట ఎనభై కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఆపైన నలభై రెండు పరుగెత్తాలి. ఈత రెండు గంటల ఇరవై నిమిషాల్లో ముగియకపోతే అక్కడే ఆపేస్తారు.

"ఈతకు ఫికర్ లేదవ్వా. మా కాలువల గంటన్నరకే అయిపోతుంది."

"నీళ్లు పోయే దిక్కే ఈదుతవా బిడ్డా?"

"అవును. పై వంతెన కాడ దిగి కింది వంతెన కాడ ఎక్కుత."

"పోటీ గూడ కాలువలనేనా?"

"కాదు, చెరువుల."

"చెరువు నీళ్లు కదలయి గదా. ఆడ నిన్ను తోసేదెవరు?"

ఆమె రెండు నెలల ఈత లెక్కలన్నీ పేజీ పేజీకీ అడ్డంగా కొట్టేసి, కొత్త పేజీ మీద 'ఒకటో రోజు' అని రాసింది.

"ఇగ రేపటిసంది ఎదురీదుత" అని నస్రుల్లాబాద్‌లో దిగిపోయింది.

పోటీలో ఏమైందో నాకు తెలియదు. ఇంటికి రాగానే ఆపరేషన్ తర్వాత నా నడక రాసుకుంటున్న పుస్తకం తీసి, గోడ పట్టుకుని నడిచిన రోజులన్నీ కొట్టేశాను. రాసిన తొంభై రోజుల్లో పందొమ్మిదే మిగిలాయి. మర్నాడు గోడకు రెండడుగుల దూరంలో నడిచాను.