తొంభై ఏడో నంబరు

ఆఫీసులో ఆమెను అందరూ తాళంకప్ప అంటారు. వెనకాల కాదు, ముఖం మీదే. పద్దెనిమిదేళ్ళుగా హెచ్ఆర్ విభాగంలో ఉండి, ఎవరి జీతం ఎంతో, ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేశారో అన్నీ తెలిసీ ఒక్క మాట బయటపెట్టని మనిషికి అంతకన్నా తగిన పేరు ఏముంటుంది! కూపీ లాగడానికి వచ్చినవాళ్ళు టీ ఖర్చు దండగ చేసుకుని వెళ్ళడమే. "నీతో కబుర్లాడటమూ గోడతో ఆడటమూ ఒకటేనే అక్కా" అని చెల్లెలు ఎప్పుడూ దెప్పుతుంది. ఆ దెప్పిపొడుపు ఆమెకు లోలోపల గర్వంగానే ఉంటుంది.

అలాంటి మనిషి నెల రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. అట్టపెట్టెలు తయారుచేసే ఆ కంపెనీలో, ప్యాకింగ్ విభాగం నుంచి ముప్పై ఎనిమిది మందిని తీసేయాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. ఆ జాబితా తయారుచేసే పని ఆమె చేతికే వచ్చి పడింది. కంప్యూటరు తెరను గోడవైపు తిప్పేసుకుంది. మంచినీళ్ళకు లేచినా తెర మూసి, నాలుగడుగులు వేశాక మూశానో లేదో అని వెనక్కొచ్చి చూసుకునేది. ఒకరోజు ప్రింటరులో కాగితం వదిలేశానేమో అని బస్‌స్టాపు నుంచి ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది. అక్కడ ఏ కాగితమూ లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఆమె చెల్లెలి మొగుడు పనిచేసేది ఆ ప్యాకింగ్ విభాగంలోనే. ఆ సంగతి మొదటిరోజే మేనేజరు ముందు పెట్టేసింది.

"సార్, ప్యాకింగ్‌లో ఉన్న ఆ నూట నలభై మందిలో మా మరిది కూడా ఉన్నాడు. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇంకెవరికిచ్చినా సాయంత్రానికి క్యాంటీన్‌లో చెప్పుకుంటారమ్మా. పేర్లు తీసేసి నంబర్లు పెట్టండి. ఎవర్ని తీసేయాలో తేల్చే కమిటీకి ఏ నంబరు ఎవరిదో తెలియదు. నిర్ణయం వాళ్ళది. చివర్లో పేర్లు కలపడమే మీ పని."

అలాగే చేసింది. ఉద్యోగంలో చేరిన తేదీల ప్రకారం నూట నలభై మందికీ వరుసగా నంబర్లు వేసింది. హాజరు, పనితనం మార్కులు ఉన్న ఫైలులో నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో చెప్పే పేర్ల ఫైలు వేరే. దాని పాస్‌వర్డు ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. కమిటీ మూడు రోజులు కూర్చుని ముప్పై ఎనిమిది నంబర్లకు టిక్కులు పెట్టి, పక్కన కారణాలు రాసి, సంతకాలు చేసి ఇచ్చింది. ఆమె పేర్లు కలిపింది. మరిది పేరు రాలేదు. ఎంత హాయిగా అనిపించిందంటే, ముప్పై ఎనిమిది ఇళ్ళ సంగతి చేతిలో పెట్టుకుని ఇంత హాయి ఏమిటని తనకే సిగ్గేసింది.

బుధవారం మధ్యాహ్నం తొలగింపు ఉత్తరాలను కవర్లలో పెడుతోంది. శుక్రవారం ఉదయం ఇచ్చేయాలి. ఇరవై ఏడో ఉత్తరం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది గడియారం పేరు మీద ఉంది. పన్నెండేళ్ళలో ఒక్కరోజు మానకుండా, ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా వచ్చినందుకు ఆ ప్యాకింగ్ ఆవిడకు ఆఫీసు పెట్టిన పేరది. ఉత్తరంలో కారణం: గైర్హాజరు ఎక్కువ.

"గడియారానికి గైర్హాజరా?" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమో అని చుట్టూ చూసింది.

తలుపు గడియ పెట్టి రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచింది. పది నిమిషాల్లో సంగతి బయటపడింది. కమిటీ కూర్చున్న వారంలోనే ఒకతను తనంతట తానే రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఫైలు శుభ్రంగా ఉంటుందని ఆమె పేర్ల ఫైలులోంచి అతని వరుసను తీసేసింది. టైపు చేసే శ్రమ తప్పుతుందని ఆ ఫైలులో నంబర్లు వాటంతటవే పడేలా పెట్టుకుంది మరి! అతనిది యాభై రెండో నంబరు. అతను పోగానే యాభై మూడు కాస్తా యాభై రెండయింది, కిందున్నవాళ్ళంతా తలా ఒక మెట్టు పైకి జరిగారు. కమిటీ ఫైలులో మాత్రం ఎవరూ కదల్లేదు. ఆ కింద ఉన్న ప్రతి నంబరుకూ పక్కవాళ్ళ పేరు వచ్చి కూర్చుంది. ముప్పై ఎనిమిది ఉత్తరాల్లో ఇరవై మూడు తప్పు.

ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఎన్ని తాళాలు వేసి ఏం లాభం, లోపల దాచిందే తప్పయినప్పుడు!

గడియారం ఉత్తరంలోని ఆ గైర్హాజరు కమిటీ రాసింది తొంభై ఏడో నంబరుకు. అది అసలు ఎవరిదో వెతకనక్కర్లేదు. గడియారం చేరిన రోజునే చేరి, వరుసలో సరిగ్గా ఆవిడకు ముందున్నవాడు మరిది. అయినా వెతికింది. మూడుసార్లు వెతికింది. మూడుసార్లూ అతనే, నలభై ఒక్క రోజుల గైర్హాజరుతో.

ఆ నలభై ఒక్క రోజులు ఎక్కడ గడిచాయో ఆమెకు తెలియదా? నిరుడు అమ్మకు తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో పడింది. చెల్లెలు అప్పుడు పురిటి మంచం మీద ఉంది. తాళంకప్పకేమో ఆఫీసులో ఆడిట్. "మీరెళ్ళండి వదినా, నేనున్నాగా" అని ఆమెను ఆఫీసుకు పంపించి, అత్తగారి మంచం పక్కన కూర్చున్నవాడు ఆ అల్లుడే. ఆ ఏడు ఆమె హాజరు నూటికి నూరు.

ఇక కుర్చీలో నిలవలేకపోయింది. కిటికీ దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. పోనీ, ఇరవై రెండు సరిచేసి ఈ ఒక్కటీ వదిలేస్తే? గడియారం గొడవపడే మనిషి కూడా కాదు, తలొంచుకుని వెళ్ళిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినంత మాత్రాన ఆలోచన పోలేదు.

ఆ సమయానికే చెల్లెలి ఫోను.

"అక్కా, ప్యాకింగ్‌లో మనుషుల్ని తీసేస్తున్నారటగా? ఆయనకి రెండ్రోజులుగా అన్నం సయించట్లేదే. వివరాలేం చెప్పొద్దు. ఊఁ అను, ఉహూఁ అను, చాలు."

"నాకు పనుందే. పెట్టేస్తున్నా."

"నువ్వింతేలే తల్లీ!" అంది చెల్లెలు. ఆ గొంతులో కోపం లేదు, ఊరట ఉంది. మొగుడి పేరు ఉండి ఉంటే అక్క ఇలా విసుక్కోదని దాని నమ్మకం. తాళంకప్పకు ఆ ఊరటే భరించరానిదైంది. ఇంకో పావుగంట ఆ గదిలో ఉంటే తను ఏం చేసేస్తుందో అని భయపడి, ఫైళ్ళు పట్టుకుని నేరుగా మేనేజరు గదికి నడిచింది.

మేనేజరు అంతా విని నుదురు రుద్దుకున్నాడు.

"మంచిపని చేశారమ్మా. అన్నీ మళ్ళీ ప్రింటు తీయండి."

"సార్, ఆసుపత్రి కోసం మానిన రోజులు లెక్కలోంచి తీసేయొచ్చుగా?"

"ఎవరు ఎందుకు మానారో మన దగ్గర రాసి ఉందా?"

"లేదు సార్. రోజులే ఉన్నాయి."

"మరి ఒక్కడి కారణం మనకు తెలుసని ఒక్కడికే తీసేస్తే, మిగతావాళ్ళకు ఏం చెప్తాం?"

శుక్రవారం రావద్దని, ఉత్తరాలిచ్చే గదిలో ఇంకెవరినైనా కూర్చోబెడతానని ఆయన మంచిగానే చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇంట్లో దాక్కుని కూర్చోవడం ఇంకా అన్యాయంగా తోచింది.

శుక్రవారం చిన్న మీటింగు గదిలో మేనేజరు పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి ఉత్తరం తీసుకుని వెళ్తున్నారు. కొందరు అరిచారు, ఒకాయన తలుపు ధడాల్న వేసి పోయాడు. పదకొండవుతుండగా మరిది లోపలికొచ్చాడు. వదిన కనపడగానే అతని ముఖం తేటపడింది. మేనేజరు చెప్పవలసింది చెప్పి ఉత్తరం ఇచ్చాడు. అతను రెండుసార్లు చదువుకున్నాడు. మేనేజరును వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"వదినా, ఇందులో ఎక్కడో పొరపాటు జరిగుంటుంది. మీరొక్కసారి చూడండి. మీ కంటపడితే దొరికిపోతుంది."

ఆమె చేతులు ఒళ్ళోకి తీసుకుంది.

"చూశానయ్యా. పొరపాటు జరిగింది. నేనే చేశాను. దాన్ని సరిచేశాకే నీ పేరొచ్చింది."

అతను ఉత్తరాన్ని మడిచి చేత్తో పట్టుకున్నాడు.

"అంతకుముందు నా పేరు లేదా?"

"లేదు."