ఒక నిమిషం గది మౌనం

ఆ పిల్ల గడప తొక్కి మాటలు రికార్డు చేసుకుపోయిందంటే ఆ ఇంటి ముసలాయనకి ఆర్నెల్లే గడువని వీధిలో చెప్పుకునేవారు. నిప్పు లేందే పొగ రాదుగా, ఏడాదిలో నలుగురు పోయారు. ఆమె ఎదురైతే పెద్దవాళ్లు పక్క సందులోకి తిరిగిపోయేవారు. పక్కింటి పిన్ని మొహమ్మీదే అనేసింది: “మా మావగారి గొంతు నీకెందుకు తల్లీ? మాకింకా ఆయనతో పనుంది.”

ఆమె నవ్వి ఊరుకుంది. ఎవరేమన్నా ముందు నవ్వేసి, ఇంటికెళ్లాక బాధపడే మనిషి.

పదేళ్లు జెరాక్సు షాపులో ఎవరెవరి చదువులకో కాగితాలు తీసిపెట్టి, ముప్పై నాలుగో ఏట తనూ పీజీలో చేరింది. పాత కట్టడాల్నీ, పాత పనుల్నీ ఎలా కాపాడుకోవాలో నేర్పే చదువు. “ముందు మన వంటింటి కప్పు కాపాడవే, కారి చస్తోంది,” అంది వాళ్లమ్మ.

ప్రాజెక్టుకి, ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీని, మూతపడ్డదాన్ని, ఎంచుకుంది. వాళ్ల నాన్న ముప్పై ఏళ్లు ఇసుకతో అచ్చులు కట్టింది అక్కడే. “గోడల ఫోటోలు ఎవరైనా తీస్తారు. చేతుల్లో ఉన్న పని మనిషితోనే పోతుంది. ముందు అక్కడ పనిచేసిన మనుషుల్ని పట్టుకో,” అన్నారు కాలేజీలో ప్రాజెక్టు చూసే మేడమ్. ఇంకో నియమం కూడా చెప్పారు. మాటలన్నీ అయ్యాక మిషను ఆపకూడదు. ఎవరూ నోరు మెదపకుండా, ఒక నిమిషం, గది మౌనాన్ని కూడా పట్టాలి. తర్వాత రికార్డింగు శుభ్రం చెయ్యడానికి అది కావాలి.

జనానికి గిట్టనిది ఆ నిమిషమే. ముసలాయన్ని కదలకుండా కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను డొప్పలు తగిలించుకుని, గడియారం చూస్తుందట. ఆయుష్షు లాగేసేది అప్పుడేనట.

పోయినవాళ్ల రికార్డింగులు లైబ్రరీలో కిటికీ లేని గదిలో కూర్చుని వినడం మొదలుపెట్టింది. మొదటాయన మౌనంలో ఫ్యాను తిరుగుతోంది, కుళాయి కారుతోంది. వాటి అడుగున ఇంకేదో. ఎవరో ఇసుక జల్లిస్తున్న చప్పుడు. మిషను లోపమనుకుని వినడానికి వేరే మిషను తెచ్చుకుంది. రెండో ఆయనది మేడ మీద ఇల్లు, తలుపులన్నీ మూసే రికార్డు చేసింది. అక్కడా అదే చప్పుడు. మూడో ఆయనది ఊరికి ఆ చివర. అక్కడా అదే. నాలుగోదాంట్లో మరీ దగ్గరగా వినిపించేసరికి చెవుల డొప్పలు ఊడబీకి వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఎవరూ లేరు. మళ్లీ పెట్టుకుంది. చెయ్యి తిరిగిన పనివాడెవరో, తొందరేమీ లేనట్టు, జల్లెడ ఆడిస్తూనే ఉన్నాడు. ఫౌండ్రీకి తాళం పడి ఆరేళ్లయింది.

వీధి మాట ఆమె కూడా నమ్మింది ఆ రోజే. నాన్న దగ్గరికి మిషను తీసుకెళ్లడం మానేసింది. ఇసుక ఎలా కలపాలో తెలిసినవాడు ఇక ఆయనొక్కడే మిగిలాడు. రిపోర్టులో ఆ అధ్యాయం ఖాళీగా ఉండిపోయింది. నాన్నేమో రాను రాను దిళ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు.

“ఊళ్లోవాళ్లందరి సొదా విన్నావు. నన్నెందుకే వదిలేశావు?” అన్నాడొక మధ్యాహ్నం.

“తర్వాత చూద్దాంలే నాన్నా.”

“తర్వాతంటే నేనున్నప్పుడా, పోయాకా?”

ఇక దాచలేకపోయింది. “జనం అనేదే నిజమైతే?”

“అయితే ముందు మా పాత మేనేజరు ఇంటికెళ్లి రా!” పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులో పడి చాలాసేపటికి గానీ తేరుకోలేదు. “నేర్చుకున్నదంతా నాతోపాటే పూడ్చేస్తావా? పెట్టవే ఆ మిషను.”

గంటసేపు చెప్పాడు. డబ్బాలో దాచుకున్న ఇసుక తీసి, తడిపి, పిడికిట్లో పిండి, ఆ ముద్దని రెండుగా విరిచాడు. “విరిగినచోట అంచు నిలబడాలి. రాలిందా, నీళ్లు చాల్లేదు. వేళ్లకి అంటుకుందా, ఎక్కువైనట్టు.”

తర్వాత నిమిషం మౌనం. పది సెకన్లు గడిచాయో లేదో, ఆమె చెవుల్లో జల్లెడ ఆడింది. వాళ్లింట్లోనే. ఆ గదిలోనే. పరదా కదలడం లేదు, డబ్బా మూత వేసే ఉంది. చూపు తిప్పుతుంటే నాన్న చొక్కా మీద ఆగింది. పై గుండీ లేస్తోంది, దిగుతోంది. చప్పుడూ దాంతోపాటే లేచి దిగుతోంది.

“నాన్నా, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టు.”

బిగబట్టాడు. జల్లెడ ఆగింది.

వదిలాడు. మళ్లీ మొదలైంది.

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి, “ఎన్నేళ్లు ఇసుక దుమ్ములో పనిచేశారు?” అని అడిగాడు. పోయిన నలుగురూ ఫౌండ్రీ ఇసుక షెడ్డులోనే, నాన్న పక్కనే పనిచేశారు.

వీధి లెక్కపెట్టింది పోయినవాళ్లనే. ఆమె అందరికన్నా ముందు రికార్డు చేసింది ఫౌండ్రీ గేటు కాపలాదారుని. ఆయన ఇసుక షెడ్డులో ఒక్క పూట కూడా పనిచెయ్యలేదు. ఎనభై రెండేళ్లొచ్చాయి, ఇప్పటికీ రోజూ మూడంతస్తుల మెట్లెక్కి ఇంటికెళ్తున్నాడు.