మాటలతో తగ్గితే అది నొప్పేనా

నాకు అనుమానం ఎక్కువ. పుట్టుకతోనే వచ్చిందో, లెక్కల టీచరుగా ఇన్నేళ్లు పరీక్ష హాళ్లలో కాపలా కాయడం వల్ల వచ్చిందో చెప్పలేను. కుర్రాడు మాటిమాటికీ చొక్కా సర్దుకుంటే చాలు, లేపి జేబులు చూస్తాను. చాలాసార్లు చీటీ దొరుకుతుంది కూడా. అందుకే నంద్యాలలో ఎముకల డాక్టరు నా స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "ఆపరేషన్ ఏమీ అక్కర్లేదమ్మా, ఒకసారి పై అంతస్తులో కౌన్సెలర్‌ను కలవండి" అన్నప్పుడు నేను డాక్టరును చూడలేదు, పక్కనున్న మా ఆయనను చూశాను. ఆయన ముఖంలో 'నేను ముందే చెప్పలే?' అన్న తృప్తి కనిపించింది. కనిపించిందనే నాకు అనిపించింది.

ఆ నడుము నొప్పి ఏళ్లుగా ఉంది. రోజూ ఒకేలా ఉండదు, అదే అసలు చిక్కు. కాస్త తెరిపి ఇచ్చిన ఆదివారం చర్చి నుంచి రాగానే పరుపులు దులిపి, బండలు కడిగి, దుప్పట్లు ఉతికి ఆరేసేదాన్ని. వారాల తరబడి ఆగిపోయిన పనంతా ఆ పూటే తెమిల్చేయాలని ఆత్రం. సోమవారం మంచం దిగలేకపోయేదాన్ని. ఎరువుల అంగడికి బయలుదేరుతూ మా ఆయన వాకిట్లో ఆగి నా వైపు చూసేవాడు.

"నిన్న ఇల్లంతా కడిగితివి. ఈ పొద్దు లెయ్యలేనంటాండావ్. నాకేం అర్థం కాదు మే."

అర్థం కాదంటూనే ఆయన అంతా అర్థమైనట్టు మాట్లాడేవాడు. తిట్టేవాడు కాదు. మాత్రలు తెచ్చేవాడు, అన్నం వండి నాకింత పెట్టి తాను తిని పోయేవాడు. నమ్మేవాడు కాదు, అంతే. పోను పోను నాకు నొప్పి తగ్గడం కంటే, అది ఉందని ఆ ఒక్క మనిషి నమ్మడమే పెద్ద కోరికైపోయింది. ఫిల్ములో ఏదైనా పెద్ద జబ్బు కనబడాలని నేను లోలోపల ప్రార్థన చేశానంటే ఎవరైనా నవ్వుతారు. వయసు పైబడినవాళ్లలో మామూలుగా ఉండే అరుగుదలేనని తేలింది.

పై అంతస్తులో ఉన్నది మా స్కూల్లో చదివి వెళ్లిన పిల్లల ఈడు అమ్మాయి. ఒక చిన్న గది, రెండు కుర్చీలు, మందుల వాసన లేదు. నేను మా ఆయనను కిందే కూర్చోబెట్టి వెళ్లాను. డాక్టరుకూ ఈ అమ్మాయికీ వాటా ఏదో ఉంటుందని మెట్లెక్కుతూనే అనుకున్నాను. కూర్చోగానే అడిగేశాను.

"నాకు పిచ్చి అని రాసినాడా డాక్టరు?"

"లేదు మేడమ్. మీ నొప్పి నిజమే," అంది.

వచ్చిన ప్రతివాళ్లకూ ఇదే చెబుతుందేమో అనుకున్నాను. ఆమె కంగారు పడలేదు. నొప్పి రాగానే మనసులో మొదట ఏ మాట వస్తుందని అడిగింది. "ఈసారి ఇంక లేచేది లేదు, పడకే గతి," అన్నాను. ఆ మాట వచ్చినప్పుడు ఒళ్లు ఏం చేస్తుందని అడిగింది. ఆలోచించి చూస్తే పళ్లు బిగుస్తాయి, భుజాలు బిగుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. బిగిసిన ఒంట్లో నొప్పి ఇంకా పెరుగుతుందని, పెరిగితే భయం ఇంకా పెరుగుతుందని చెప్పింది.

"ఆ మాటను మీరు నమ్మేస్తారా మేడమ్?"

"నా మాట నేను నమ్మకపోతే ఎట్ల?"

"పరీక్ష హాల్లో అందర్నీ అట్లే నమ్మేస్తారా?"

ఆ సంగతి మాటల్లో నేనే చెప్పి ఉన్నాను. నాకు ఒళ్లు మండింది. కానీ కిందికి దిగుతుంటే మండింది కాస్తా చల్లారి ఆశ్చర్యంగా మారింది. డాక్టరును అనుమానించాను, కట్టుకున్నవాణ్ణి అనుమానించాను, ఈ పిల్లను అనుమానించాను. నా తలలో కూర్చుని రోజూ భయపెట్టే ఆ మాటను మాత్రం ఒక్కసారి కూడా లేపి నిలబెట్టలేదు.

ఆ తర్వాత మా ఆళ్లగడ్డ నుంచి ఒక్కదాన్నే బస్సులో నంద్యాలకు వెళ్లి వచ్చేదాన్ని. దారిలో శిరివెళ్ల దగ్గర స్పీడు బ్రేకరు మీద బస్సు ఎగిరినప్పుడల్లా నడుములో కత్తి దిగినట్టయ్యేది. 'ఈసారి డిస్కు జారింది' అని వెంటనే మాట. సరే, రుజువేందీ అని అడిగేదాన్ని. పోయినసారీ ఇక్కడే ఎగిరింది, ఇంతే నొచ్చింది, మరుసటి రోజు మామూలుగా పాఠం చెప్పాను. అలా ప్రశ్నలేస్తే ఆ మాట దగ్గర ఒక్క రుజువూ దొరికేది కాదు. నొప్పి ఎక్కడికీ పోయేది కాదు. ముందు సీటు కమ్మీని పట్టుకున్న చెయ్యి మాత్రం దానంతటదే వదులయ్యేది.

పనులకు కూడా బెల్లు పెట్టించింది ఆ అమ్మాయి. ఫోన్లో అలారం మోగితే బాగున్నా సరే ఆపాలి, మళ్లీ మోగితే బాగాలేకున్నా కొంచెం చేయాలి. బాగున్న రోజున సగం ఇల్లు కడిగి సగం వదిలేసి కూర్చోవడం ఎంత కష్టమో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మురికి బండలు నన్నే చూస్తున్నట్టు ఉండేది. అయినా కూర్చున్నాను. మెల్లగా సోమవారాలు నాకు తిరిగి దక్కాయి. నల్లబల్ల కింది దాకా రాయగలిగాను. ఆళ్లగడ్డ బజారులో శిల్పాల అంగళ్ల ముందు నుంచి ఆటో ఎక్కకుండా ఇంటికి నడవగలిగేంత అయ్యాను.

నడవగలిగాను కానీ నడవలేదు. కారణం మా ఆయనే. మందు మారలేదు, సూది లేదు, ఆపరేషన్ లేదు. కుర్చీలో కూర్చుని మాట్లాడితే తగ్గిందని తెలిస్తే ఆయన ఏమంటాడో నాకు తెలుసు: మాటలతో తగ్గితే అది నొప్పేనా? ఇన్నేళ్ల బాధ ఒక్క మాటతో నాటకమైపోతుంది. అందుకని నంద్యాలలో నిటారుగా నడిచేదాన్ని, ఆళ్లగడ్డలో బస్సు దిగగానే నడుము మీద చెయ్యి వేసుకునేదాన్ని. బాగుపడడాన్ని దొంగసొమ్ములా దాచుకోవాల్సి వచ్చిందని నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది.

ఒక శుక్రవారం ఆయన సరుకు కోసం నంద్యాలకు వచ్చాడట. నేను కూరగాయల సంచి పట్టుకుని బస్టాండు వైపు చకచకా పోతుండగా చూశాడట. పిలవలేదు, ఇంటికొచ్చీ ఏమీ అనలేదు. మరుసటి రోజు పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు.

"టీచరమ్మా, మీ ఆయన చెప్పినాడు. దేవునికి స్తోత్రం! రేపు మీరు సాక్ష్యం చెప్పాల."

మా సంఘంలో ఎవరికి మేలు జరిగినా ఆరాధనలో లేచి అందరి ముందూ చెప్పాలి, దాన్నే సాక్ష్యం అంటాం. చిన్నప్పటి నుంచి వింటున్నాను. అన్నీ ఒకేలా ముగుస్తాయి: ఆ దినం నుంచి నాకు నొప్పి లేదు. పాస్టరు గారు వెళ్లగానే మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నన్నడక్కుండా ఎందుకు చెప్పినావ్?"

"నడుస్తాంటే చూసినా. సంతోషమై చెప్పినా," అన్నాడు.

ఆ సంతోషాన్ని నేను నమ్మలేదు. నాకది బోనులాగే కనిపించింది. నయమైందంటే నొప్పి ఏనాడూ లేనట్టే. నయం కాలేదంటే ఆ నడక మాటేమిటని అడుగుతాడు. ఎటు చెప్పినా ఆయనే గెలుస్తాడు.

ఆదివారం ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే ముసలమ్మల పక్కన కుర్చీలో ఉన్నాను. పేరు పిలవగానే లేచాను. ముందే కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేశాను.

"నాకు నొప్పి పోలేదు," అన్నాను. "ఇప్పుడు మీ ముందర నిలబడినా నొస్తాంది. రేపు కూడా నొస్తాది. నేను దేవుణ్ణి అడిగినా, డాక్టర్ని అడిగినా, నంద్యాలలో ఒక పాప దగ్గర కూర్చుని మాట్లాడినా. ఆ పాప నాకు భయపడకుండా నొప్పిని మోసేది నేర్పింది. అందుకే నడుస్తాండా. నొప్పి లేక కాదు, ఉన్నా నడుస్తాండా. మునుపు లేవలేని దినాల్లో కూడా నేను అబద్ధం ఆడలే."

'ఆమెన్' అనాల్సిన చోట ఎవరూ అనలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. మగవాళ్ల వైపు మా ఆయన తల వంచుకుని చాప పుల్ల తుంచుతున్నాడు. పరువు తీశానని ఇంటికి పోయాక రగడ తప్పదనుకున్నాను.

ఇంట్లోకి రాగానే చీర మార్చుకోకుండానే వంటింట్లోకి పోయి బియ్యం కడుగుతున్నాను. ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"యాడ?" అన్నాడు.

"ఏందీ యాడ?"

"నొప్పి. యాడ పుడతాది, యాడికి పోతాది?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదలు. ఇప్పుడెందుకు అడుగుతున్నాడు, నా మాటకూ సాక్ష్యానికీ పొత్తు కుదురుతుందో లేదో చూద్దామనా అనిపించింది. తిరిగి ఆయన ముఖం చూశాను. ఆయన కళ్లల్లో నీళ్లు.

"నిజమని నమ్మితే నేను ఏం చేయాల? నాకేం చాతనైతాది?" అన్నాడు. "అందుకే లేదనుకుంటి. లేదనుకుంటే అంగడికి పోనీకి కాళ్లు ఆడుతుండె."

నాకు చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. దాని వెనకే ఏడుపు ముంచుకొచ్చింది. తడి చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని నడుము వెనక్కి తీసుకుపోయాను.

"ఈడనా?"

"ఇంకొంచెం కిందికి. ఎడమ పక్క. ఆ, ఆడే. ఆడి నుంచి మడమ దాకా."

ఆయన చెయ్యి పెట్టినందుకు నొప్పి రవ్వంత కూడా తగ్గలేదు. చెయ్యి తీయొద్దని మాత్రం చెప్పాను.