బొట్టుకు కొలతలు

మా ఇంజనీరింగ్ కోర్సులో చివరి ఏడాది సగం కాలేజీలో, సగం ఫ్యాక్టరీలో. ఫ్యాక్టరీలో ఏం నేర్చుకున్నామో వారానికో పేజీ డైరీలో రాయాలి. కింద అక్కడి ఫోర్‌మన్ సంతకం చేయాలి. ఒక్క పేజీ మీద సంతకం లేకపోయినా వైవాకు రానివ్వరు. ఆరు నెలల శిక్షణ మళ్ళీ మొదటినుంచి చేయాలి. తొంభైల చివర్లో నన్ను మా కాలేజీ ఉన్న బెంగళూరులోనే, కాడుగోడి దాటాక ఉన్న ఒక చిన్న ఫ్యాక్టరీకి పంపారు.

నా శిక్షణ చివర్లో అక్కడ కొత్తగా ఒక కంప్యూటర్ లేత్ మిషన్ కొన్నారు. ప్రతి శుక్రవారం పొద్దున పూజ కాగానే అది ఆగిపోయేది. దాని తలుపు మూసే ఉన్నా, తెర మీద తలుపు తెరిచి ఉందని చూపించేది. ఫోర్‌మన్‌ది హిందూపురం వైపు. ఆయన తేల్చిన కారణం దిష్టి. మిషన్‌ని తడిగుడ్డతో శుభ్రంగా తుడిపించి, నిమ్మకాయ తిప్పి కోసేవాడు. వెంటనే నడిచేది. నిమ్మకాయ పనిచేస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

నాకు కావాలి. పదిహేనేళ్ళకే హేతువాద సభల్లో జాతకాల మీద గొంతు చించుకున్నవాణ్ణి. మూడో శుక్రవారం మిషన్ పక్కనే నిలబడి చూశాను. తలుపు మూసుకుందో లేదో కనిపెట్టడానికి, పైన సరిగ్గా నడుమ, ఒక చిన్న గాజు కన్ను ఉంది. మనిషికైతే నుదురు ఉండే చోటు. గంధం, దాని మీద కుంకుమ ఆ కంటి మీదే పెడుతున్నారు. మిషన్‌కు గంతలు కట్టి, చూపు ఆనడం లేదని నిమ్మకాయ కోస్తున్నారన్నమాట!

డైరీలో అంతా రాశాను, బొమ్మతో సహా. ఫోర్‌మన్ చదివి పెన్నుకు మూత పెట్టేశాడు.

"ఏమప్పా ఇది? కుంకుమ పెడితే మిషన్ నిలిచిపోతాదని రాసినావే!"

"తుడిస్తే నడుస్తుందని కూడా రాశాను సార్."

"తుడిస్తే కాదప్పా, నిమ్మకాయకు. వారం వారం చూస్తాండా కదా."

"వచ్చే శుక్రవారం తుడిచి ఊరుకుందాం. నడవకపోతే ఈ పేజీ నేనే చించేస్తాను."

ఒప్పుకున్నాడు. శుక్రవారం మిషన్ ఆగింది. తుడిచాను. నడిచింది. పనివాళ్ళంతా ఫోర్‌మన్ ముఖం చూశారు. ఆయన తొణకలేదు.

"పోయిన వారం నిమ్మకాయ బలం ఇంకా ఉండాది."

"మరి ఇందాక ఆగినప్పుడు ఆ బలం ఎక్కడికి పోయింది సార్?"

"సుమ్నే ఉండప్పా, మాట్లాడాకు! కాలేజీలో ఇదేనా నేర్పేది?"

అప్పటికి వైవా పది రోజుల్లో ఉంది. సంతకం లేని పేజీ అదొక్కటే. బేరింగ్ పోయిందని మార్చి రాయమన్నాడు. అబద్ధం రాయనన్నాను. కాలేజీలో మా గైడుకు చెప్పుకుంటే, "ముందు సంతకం తెచ్చుకో, నిజం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ఫోర్‌మనే నన్ను పక్కకు పిలిచాడు. మిషన్ ఆగినప్పుడల్లా ఓనర్ ఆయన్ని నిలదీస్తున్నాడట.

"అన్నీ తెలిసినోనివి కదా. బొట్టు యాడ పెడితే దాని కంటికి అడ్డం రాదో చెప్పు. పెట్టకుండా మాత్రం ఉండేది లేదు."

"పక్కన ఎక్కడైనా పెట్టుకోండి సార్."

"యాడైనా అంటే మావోళ్ళు మళ్ళా దాని మీదే పెడతారు. డ్రాయింగ్ వేసియ్యి. సంతకం పెడతా."

మధ్యాహ్నమంతా కూర్చుని వేశాను. బొట్టు వ్యాసం పన్నెండు మిల్లీమీటర్లు. కంటి అంచు నుంచి బొట్టు అంచుకు నలభై; అటూ ఇటూ రెండు మిల్లీమీటర్ల తేడా చెల్లుతుంది. ముందు గంధం, ఆరాక కుంకుమ. మూఢనమ్మకాలను కూకటివేళ్ళతో పెకలిస్తానన్నవాణ్ణి, ఒకదానికి స్కేలు పెట్టి స్థలం కేటాయించాను. ఫోర్‌మన్ ఆ డ్రాయింగ్‌ను మిషన్ పక్క గోడకు అంటించాడు. నా పేజీలో ఒక్క అక్షరం మార్చమనకుండా సంతకం చేశాడు.

వైవాలో పరీక్షకుడు ఆ పేజీ, దానికి జతచేసిన డ్రాయింగ్ నకలు చాలాసేపు చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఒక కొలత వదిలేశావు. కుంకుమ మందం ఎంత?"

"అర మిల్లీమీటరు సార్," అన్నాను తడుముకోకుండా. ఆయన తల ఊపి మార్కులు వేశాడు.

నేను దాన్ని కొలవనే లేదు.