మొనదేలిన ఐదు

భీమశంకర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. కెనడా నాణేల సెట్లున్న సొరుగు దగ్గరికి ఎవరైనా వెళ్తే అది నెత్తికెక్కుతుంది. టంకశాల వాళ్లు ఆరేసి నాణేలు ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి అమ్మిన పాత సెట్లవి. ఆదివారం పొద్దున అమెరికాలో, అల్ఫారెట్టాలోని తన ఇంట్లో నూలు గ్లౌజులు తొడుక్కుని, కవరు మీదనుంచే భూతద్దంతో చూసి, ఒక్కోదానికీ చీటీ రాసి అంటిస్తాడు. అంచున పెద్ద చుక్కలున్న 1965 వెండి డాలర్ మీద, సంవత్సరం చివరి ఐదు అంకె తోక మొద్దుగా ఉంటే మామూలుది, మొనదేలి ఉంటే అరుదు. ఆ అరుదైనదాని కోసం పదకొండేళ్లుగా కాయిన్ షోలన్నీ తిరుగుతూ, "వీళ్లకసలు కళ్లున్నాయా!" అని డీలర్లను తిడుతూనే ఉన్నాడు.

వరలక్ష్మీ వ్రతం నాడు ఆఫీస్ నుంచి వచ్చేసరికి కలశం ముందు అతని డాలరొకటి తళతళలాడుతోంది. పక్కనే కత్తిరించిన కవరు. తెనాలి నుంచి వచ్చిన అత్తగారు ధనమ్మ దాన్ని చింతపండుతో తోమేసింది.

"తోమితే గీతలు పడతాయి అత్తయ్యగారూ! కలెక్షన్‌లో ఇక చెత్త కిందే లెక్క!"

"అమ్మవారికి వెండి ప్లాస్టిక్‌లో పెట్టి ఇస్తామా బాబూ?"

గీతలు చూపించి నోరు మూయిద్దామని భూతద్దం ఆనించాడు. గీతల మధ్య పెద్ద చుక్కలు, సూదిమొనలా ఐదు తోక. గబగబా కవరు తిప్పాడు. చీటీ మీద తన గుండ్రటి అక్షరాలే: "మొద్దు ఐదు. మామూలుది." చీటీని కళ్ల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చదివాడు.

"కళ్లజోడు తెమ్మంటారా బాబూ?" అంది ధనమ్మ.