మోత్కూరులో తీసిన దిష్టి

ఉదయం ఏడు గంటలకు సికింద్రాబాదులో పాసింజరు ఎక్కేటప్పుడు నేను సణుగుతూనే ఉన్నాను. సెలవు రోజు, ఇంటిపట్టున కాళ్ళు చాపుకుని కూర్చోవలసినవాణ్ణి. పశ్చిమాఫ్రికాలోని ఘనా దేశం నుంచి యాత్రికుల వ్యవహారాలు చూసే మా ఆఫీసుకు కోజో అనే అధికారి వచ్చాడు. వాళ్ళకు స్వాతంత్ర్యం వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. పరదేశపు యాత్రికులను రప్పించి దేశానికి నాలుగు డబ్బులు తేవడం ఎలాగో చూసి రమ్మని అతన్ని వాళ్ళ సర్కారు పంపింది. గోల్కొండ చూశాడు, నాగార్జునసాగరు కట్టుబడి చూశాడు. చివరికి, "నేతగాళ్ళ ఊరు చూపించండి" అన్నాడు. నాకు ఇంగ్లీషు వచ్చు గనుక ఆ పని నా నెత్తిన పడింది.

మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాక అసలు సంగతి చెప్పాడు. అతని మేనమామ నేతగాడు. అక్కడ బెత్తెడు వెడల్పు పట్టీలు నేసి, వాటిని పక్కపక్కన కుట్టి బట్ట చేస్తారట. వాళ్ళ ఊరికి రోడ్డు లేదు. వానాకాలంలో ఎవరికైనా జబ్బు చేస్తే మంచం మీద మోసుకుపోవాలి.

"ఓడల్లో వచ్చే యాత్రికులను బస్సులో తెచ్చి మా మామ మగ్గం చూపిస్తామని పథకంలో రాస్తే రోడ్డు వేస్తారు. లేకపోతే లేదు. వెళ్ళగానే రాసివ్వాలి" అన్నాడు. నా సణుగుడు అక్కడితో ఆగిపోయింది.

ఎనిమిదిన్నర దాటాక భువనగిరిలో దిగాం. కొండంతా ఒకటే రాయి, దాని నెత్తిన కోట. సగం దాకా ఎక్కి దిగి వచ్చాం. ఎక్కదలచినవారు ఎండ ముదరకముందే ఎక్కండి, కింద చాయ్ దొరుకుతుంది, పైన నీళ్ళు కూడా దొరకవు. పదిన్నరకు నేతగాళ్ళ ఊరైన మోత్కూరుకు బస్సు దొరికింది. పక్క సీటు పెద్దమనిషి కోజోను ఎగాదిగా చూసి, "సారూ, గీయనది ఏ ఊరు?" అని అడిగాడు. సముద్రం అవతల అన్నాను.

"గంత దూరంకెల్లి మోత్కూరుకొస్తుండా? ఏం ఆపతొచ్చిందో పాపం" అన్నాడు.

మోత్కూరులో ఆ రోజు అంగడి. అదే మా కొంప ముంచింది. బస్సు దిగామో లేదో వెనక మంది పోగయ్యారు. మేకలు అమ్ముకునేవాడు మేకలతో సహా వచ్చాడు. ఒకాయన కోజో జుట్టు ముట్టి చూసి, "మెత్తగనే ఉన్నదిరా" అని వెనకవాళ్ళకు కబురు చెప్పాడు. కోజో మొదట నవ్వాడు, చెయ్యి ఊపాడు. సాలెవాడ చేరేసరికి ఆ నవ్వు పెదవుల మీదే మిగిలింది. నాకు సిగ్గేసింది.

ఏటా దసరాకు మా ఇంటికి చీరలు తెచ్చే నర్సయ్య ఇంటికి వెళ్ళాం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. కోజో పక్కన చతికిలబడి, పోగు మోసే నాడె అటూ ఇటూ పోతుంటే కన్నార్పకుండా చూశాడు. అంతలో వాకిట్లో తలలు, కిటికీలో తలలు. నర్సయ్య చెయ్యి ఆపేశాడు.

"ఎలుగు లేదు సారూ. పోగు కనిపిస్తలేదు. ఇగ నడవది" అన్నాడు.

నర్సయ్య తల్లి, ఊరంతా అవ్వ అనే ముసలామె, జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. కోజో మొదటి ముక్క తుంచగానే కిటికీ దగ్గర, "తింటుండు, తింటుండు" అన్నారు. అతని చెయ్యి నోటి దాకా వెళ్ళి ఆగింది. అవ్వ లేచింది.

"తినేటోని నోట్లకు సూస్తరారా? మీ ఇండ్లల్ల బువ్వ లేదా? పోండ్రి" అని తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టింది.

ఆ మసక చీకట్లో కోజో కడుపునిండా తిన్నాడు. అవ్వ పేరడిగింది. సోమవారం పుట్టినవాళ్ళకు పెట్టే పేరని అతను చెబితే, నేను తెలుగులో చెప్పాను. "అయితే మా సోమయ్యనే" అంది.

బయలుదేరే ముందు గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని అతని చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అంగడోళ్ళ దిష్టి, నా దిష్టి" అంటూ పొయ్యిలో పడేసింది. నాకు దగ్గు ఆగలేదు. అవ్వ మాత్రం, "సూసినవా, జరంత గూడ ఘాటు రాలే. ఎంత దిష్టి తాకిందో పిలగానికి" అని తేల్చేసింది.

మూడింటి బస్సులో కోజో అవ్వ దిష్టి మాటలకు అర్థం అడిగాడు. చెప్పాను.

"ఆమె దిష్టి కూడానా? అందరినీ తరిమింది ఆమే కదా!"

"ప్రేమగా చూసినా తగులుతుంది. తల్లి దిష్టే అన్నిటికంటే గట్టిదంటారు మావాళ్ళు" అన్నాను.

భువనగిరిలో సాయంత్రపు రైలు ఆలస్యంగా వచ్చింది. బీబీనగరు దాటాక కోజో అన్నాడు.

"మా మామకు ఈ సంగతే చెప్పలేదు. రోడ్డు వస్తే సంతోషిస్తాడు అనుకున్నాను. బస్సెడు మంది నిలబడితే ఆయన మగ్గానికి వెలుతురుంటుందా అని ఆలోచించలేదు. ముందు వెళ్ళి ఆయనను అడుగుతాను. వద్దంటే రాయను."

"మరి రోడ్డు?"

"ఆ మంచం మోసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇంకొన్నాళ్ళు మోస్తాను."

యాత్రికుల కోసం రోడ్లు, బంగళాలు, బస్సులు కావాలని మా ఆఫీసులో రోజూ వింటాను. వాళ్ళు చూసి వెళ్ళిపోయాక ఆ ఊరి దిష్టి ఎవరు తీస్తారని ఎవరూ అడగగా వినలేదు. మోత్కూరు వెళ్ళేవారు అంగడి లేని రోజు వెళ్ళండి. ముందు కూర్చుని మంచినీళ్ళు అడగండి, మగ్గం ఎక్కడికీ పోదు.

సికింద్రాబాదు దీపాలు కనబడుతుండగా అవ్వ మాటలు నేర్పమన్నాడు. వెళ్ళగానే మేనమామకు దిష్టి తీస్తాడట. రెండుసార్లు చెప్పించుకుని, ఖాళీ గుప్పెట గాలిలో తిప్పుతూ తానే అప్పజెప్పాడు.

"నా దిష్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి."

అవ్వ చివర అన్న మాట అతని నోట ముందు వచ్చింది. నేను సరిదిద్దలేదు.