ఒక సైజు పెద్దది

సంతోష్‌నగర్‌లో రాజమణి కుట్టిన జాకెట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. చంక దగ్గర చిన్న ముడత కనిపించినా విప్పి మళ్లీ కుట్టే రకం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అంతటి మనిషీ సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి తప్పులో కాలేసింది.

కూతురు ప్రీతి రోడ్డు సైక్లింగ్ పోటీలకు వెళ్తుంది. పోయిన డిసెంబరులో పొద్దుటి చలికి మోకాలు పట్టేసి, పోటీ మధ్యలోనే దిగిపోయింది. ఈసారి మొదటి ముగ్గురిలో ఉంటేనే రాష్ట్ర జట్టు. జూనియర్లలో ఇదే ఆఖరి ఏడు. అందుకే తల్లీకూతుళ్లు కలిసి చలికి కాళ్లకు వేసుకునే టైట్స్ కొనబోయారు. పల్చనివి వద్దనుకుని, లోపల మెత్తగా నూగున్నవి ఎంచుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది.

"ఒంటికి అతుక్కోవాలమ్మా, అప్పుడే గాలి దూరదు," అన్నాడు షాపతను.

రాజమణికి ఎదురింటి నాగమణమ్మ కళ్లు గుర్తొచ్చాయి. "ఒక సైజు పెద్దది ఇయ్యి భయ్యా. పిల్ల గల్లీలకెల్లి పోవాలె," అంది. ప్రీతి మొహం తిప్పుకుని షాపు బయటికి నడిచింది.

పోటీకి ముందురోజు పొద్దున, ఆ టైట్స్‌తో ప్రాక్టీసుకు వెళ్లిన పిల్ల కుంటుకుంటూ వచ్చింది. మోకాలి వెనక గుడ్డ ముద్దకట్టి చర్మం ఒరుసుకుపోయింది. వదులుగా ఉన్నచోట గాలి దూరి, మోకాలు మళ్లీ బిగుసుకుంది.

"నీ ఇజ్జత్ కోసం నా మోకాలు పోవాల్నా అమ్మా?"

వాడిన బట్టను షాపువాళ్లు వాపసు తీసుకోరు. రాజమణి గుండుసూదుల డబ్బా తీసింది. కూతుర్ని ఎదురుగా నిలబెట్టి, సూది గుచ్చబోయి ఆగింది. జాకెట్టుకైతే మనిషిని నిలబెట్టి కొలవాలి. ఇది నిలబడి వేసుకు తిరిగే బట్టా?

"సైకిలెక్కు," అంది.

ప్రీతి గోడ పట్టుకుని ఎక్కింది. పెడలు పైకొచ్చినప్పుడొకసారి, కిందికి పోయినప్పుడొకసారి గుచ్చి చూసుకుంది రాజమణి. పక్క కుట్లు విప్పి, గుడ్డను సాగదీస్తూ మిషన్ మీద జిగ్‌జాగ్ కుట్టు వేసింది. జాకెట్టులోనైతే రేపు లావైతే విప్పుకోవచ్చని లోపల గుడ్డ వదులుతుంది. ఇక్కడ వదిలితే కాలు ఒరుసుకుంటుంది. కత్తిరిస్తే మళ్లీ వదులు చేయడానికి ఏమీ మిగలదు. కుట్టు తప్పయితే రేపు పిల్లకు బట్టే లేదు. దేవుడా అనుకుని కత్తిరించేసింది.

మర్నాడు ప్రీతి మూడోదిగా గీత దాటింది. రాజమణి ముందు చూసింది మోకాళ్లనే. కుట్టు ఒక్కటీ తెగలేదు. అప్పుడు ఏడ్చింది.

మధ్యాహ్నం ఇద్దరూ గల్లీలోకి వచ్చేసరికి నాగమణమ్మ గేటు దగ్గరే ఉంది. పిల్ల కాళ్లను ఎగాదిగా చూసింది.

"ఏంది రాజమణీ, మరీ గింత టైటా?"

"అవ్ వదినా, నేనే టైట్ చేసిన," అంది రాజమణి. "యాడన్న ముడత కనబడ్తె చెప్పు, విప్పి మళ్ల కుడ్త."